నీలం వచ్చిందంటే ఏం తెలిసినట్టు? మిర్చి, పాల పరీక్షల్లో నానోజైమ్‌లు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పగానే కాయ రంగు, తొడిమ, తేమ, తాలు ఎంత ఉందో చూసి ధర చెప్పేస్తారు. కాయలో మిగిలిన పురుగుమందు మాత్రం కంటికి కనపడదు, చేతికి తగలదు. అది తేలాలంటే నమూనా ల్యాబుకు వెళ్లాలి, క్రోమటోగ్రఫీకి మాస్ స్పెక్ట్రోమీటర్ జోడించిన ఖరీదైన యంత్రం మీద పరీక్ష జరగాలి. రిపోర్టు వచ్చేసరికి సరుకు కోల్డ్ స్టోరేజీకో ఎగుమతిదారు గోడౌనుకో చేరిపోతుంది. విజయవాడ చుట్టుపక్కల పాల సేకరణ కేంద్రాలదీ ఇదే ఇబ్బంది. పాలు విరగకుండా హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపారా లేదా అన్నది క్యాన్లు ట్యాంకర్లోకి వంచకముందే తెలియాలి. వంచాక తెలిసి లాభం లేదు.

అందుకే నాలుగు చుక్కలు వేసి పది నిమిషాల్లో రంగు చూసి చెప్పే పరీక్షల మీద ఇంత ఆశ. ఆ ఆశకు 2007 నుంచి ఊతమిస్తున్నవి నానోజైమ్‌లు, అంటే ఎంజైమ్ చేసే పనిని చేసి చూపే నానో పదార్థాలు. వీటిమీద వచ్చే పరిశోధన పత్రాల్లో నీలం రంగు నింపిన గొట్టాల వరుస ఫొటో తప్పకుండా ఉంటుంది. నిజానికి నీలం రప్పించడం ఇందులో తేలికైన భాగం. ఆ నీలం దేనివల్ల వచ్చిందో నిలబడి చెప్పగలగడమే అసలు పని. పరీక్ష గెలిచేదీ ఓడేదీ అక్కడే.

తుప్పు రాయి చేసిన ఎంజైమ్ పని

నానోజైమ్ అన్న పేరు 2004లో ఇటలీ శాస్త్రవేత్తలు పాస్క్వాటో, స్క్రిమిన్ బృందం పెట్టింది. వాళ్లు బంగారు కణాల మీద అణువులు అతికించి, ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమ్‌ను అనుకరించారు. రంగు పరీక్షలకు దారి తెరిచింది మాత్రం 2007. ఆ ఏడాది బీజింగ్‌లోని షియున్ యాన్ బృందం మాగ్నెటైట్, అంటే అయస్కాంతానికి అంటుకునే నల్ల ఐరన్ ఆక్సైడ్ కణాలకు పైపూత ఏదీ లేకుండానే పెరాక్సిడేజ్ ఎంజైమ్ గుణం, అంటే పెరాక్సైడ్‌తో వేరే పదార్థాన్ని ఆక్సీకరించే గుణం, ఉందని చూపింది. అంతకుముందు ఈ కణాలను అయస్కాంతంతో లాగడానికే వాడేవారు, ఎంజైమ్‌ను వాటికి బయటి నుంచి అతికించేవారు. ఏ పనీ చేయని మోతబరువు అనుకున్న కణమే ఉత్ప్రేరకమని తేలింది. మరుసటి ఏడాది, 2008లో, హుయ్ వెయ్, ఎర్‌కాంగ్ వాంగ్ ఇదే గుణంతో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను 3 మైక్రోమోలార్ వరకు, గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ను జతచేసి గ్లూకోజ్‌ను కూడా రంగుతో కొలిచారు. మన దేశంలో బెంగళూరు ఐఐఎస్‌సీలో గోవిందసామి ముగేశ్ బృందం 2014లో వెనేడియం పెంటాక్సైడ్ నానో తీగలు గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌లా పనిచేస్తాయని చూపింది.

పని జరిగే తీరు ఇది. కణం ఉపరితలం మీద ఉన్న ఫెర్రస్ ఇనుము పెరాక్సైడ్‌కు ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి, తాను ఫెర్రిక్‌గా మారి, దాన్ని విడగొడుతుంది. హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది పక్కనే ఉన్న రంగులేని టీఎంబీ నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటుంది, టీఎంబీ నీలంగా మారుతుంది. టీఎంబీ అంటే టెట్రామిథైల్‌బెంజిడిన్, ఎలైజా (ల్యాబుల్లో చేసే యాంటీబాడీ పరీక్ష) కిట్లలో రోజూ వాడే రంగు పదార్థమే.

సహజ ఎంజైమ్‌తో పోలిస్తే తేడా ఎక్కడుందో 2007 నాటి అంకెలే చెబుతాయి. హార్స్‌రాడిష్ వేరు నుంచి తీసే పెరాక్సిడేజ్‌కు పెరాక్సైడ్ విషయంలో మైకేలిస్ స్థిరాంకం, అంటే సగం వేగం అందడానికి కావాల్సిన గాఢత, 3.70 మిల్లీమోలార్, మాగ్నెటైట్ కణాలకు 154. ఈ అంకె ఎంత పెద్దదైతే పట్టు అంత తక్కువ. అంటే కణానికి సగం వేగం అందాలంటేనే నలభై రెట్లు ఎక్కువ పెరాక్సైడ్ కావాలి. టీఎంబీ విషయంలో లెక్క తిరగబడుతుంది: కణాలకు 0.098, ఎంజైమ్‌కు 0.434. టీఎంబీని కణం బాగానే పట్టుకుంటుంది. పత్రాల్లో "ఎంజైమ్ కంటే ఎన్నో రెట్లు వేగం" అని కనిపించే మాటలను మాత్రం జాగ్రత్తగా చదవాలి. అక్కడ ఒక కణాన్ని ఒక ఎంజైమ్ అణువుతో పోలుస్తారు. ఎంజైమ్ అణువులో పనిచేసే ఇనుప పరమాణువు ఒక్కటే, కణం ఉపరితలం మీద వేలల్లో ఉంటాయి. మిల్లీగ్రాముకు ఎంత పని అని అడిగితేనే న్యాయమైన పోలిక.

కణాలు చేసుకోవడం

డిగ్రీ కాలేజీ ల్యాబులో ఉన్న సరంజామాతో ఈ కణాలు తయారవుతాయి. పద్ధతి 1981లో మసార్ ప్రచురించిన సహ అవక్షేపణమే, అంటే రెండు ఇనుప లవణాలను కలిపి ఒకేసారి ఘనపదార్థంగా దింపడం. ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 2.70 గ్రాములు, అంటే 10 మిల్లీమోల్‌లు. ఫెర్రస్ క్లోరైడ్ టెట్రాహైడ్రేట్ 0.99 గ్రాము, అంటే 5 మిల్లీమోల్‌లు. నీళ్లు 100 మి.లీ. నైట్రోజన్ సిలిండర్ ఉంటే నీళ్లలో అరగంట బుడగలు పోనివ్వాలి, లేకపోతే పావుగంట బాగా మరిగించి మూతపెట్టి చల్లార్చాలి. ఫెర్రిక్ లవణం ముందు కరిగించి, ఫెర్రస్ లవణం చివర్లో వేయాలి. 80 డిగ్రీల దగ్గర గట్టిగా కలుపుతూ 25 శాతం అమోనియా ద్రావణం పీహెచ్ 10 దాటేవరకు పోయాలి, సుమారు 15 నుంచి 20 మి.లీ. పడుతుంది. ద్రావణం క్షణాల్లో నల్లబడుతుంది. అరగంట అదే వేడిలో ఉంచి, చల్లారాక బీకరు అడుగున బలమైన అయస్కాంతం పెట్టి పైనీళ్లు వంచేయాలి. వంచిన నీళ్ల పీహెచ్ మామూలుకు వచ్చేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదు సార్లు కడగాలి. లెక్క ప్రకారం రావలసింది 1.16 గ్రాములు, కడుగుళ్లలో కొంత పోతుంది.

ఇందులో చెడేది ఎక్కువగా ఫెర్రస్ దగ్గరే. తాజా ఫెర్రస్ క్లోరైడ్ లేత ఆకుపచ్చగా ఉంటుంది. సీసా పాతబడి పసుపు, గోధుమ రంగుకు తిరిగితే అందులో చాలా భాగం అప్పటికే ఫెర్రిక్ అయిపోయిందని అర్థం. అలాంటిది వాడితే అవక్షేపం నల్లగా కాక గోధుమ రంగులో దిగుతుంది, అయస్కాంతానికి బద్ధకంగా కదులుతుంది, ఉత్ప్రేరక శక్తి కూడా తగ్గుతుంది. ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 1.39 గ్రాములు బదులుగా వాడొచ్చు, అది కొంచెం నిలకడగా ఉంటుంది. రెండో పొరపాటు ఓవెన్‌లో ఆరబెట్టి పొడి చేయడం. ఒకసారి గడ్డకట్టిన కణాలు మళ్లీ విడివిడిగా రావు. నీళ్లలోనే ఉంచి, ఒక మి.లీ. చొప్పున మూడు సార్లు తీసి ఆరబెట్టి తూచి గాఢత లెక్కగట్టుకోవాలి. వాడేముందు పది నిమిషాలు అల్ట్రాసోనిక్ బాత్‌లో పెట్టాలి.

నానోజైమ్ చెడిపోదని, ఏళ్లతరబడి ఉంటుందని ప్రచారం ఎక్కువ. ఎంజైమ్‌లా ఎండకు విరిగిపోదన్నది నిజమే. కానీ మాగ్నెటైట్‌లోని ఫెర్రస్ గాలి తగిలినా, పని చేసినా నెమ్మదిగా ఖర్చవుతుంది, కణం మాగ్‌హెమైట్ వైపు జారుతుంది. నలుపు గోధుమ అవుతుంటే అదే గుర్తు. తయారుచేసిన ప్రతి బ్యాచ్‌కూ, ఆ తర్వాత నెలనెలా, శక్తి కొలిచి సీసా మీద రాసిపెట్టడం తప్పనిసరి.

ఒక మిల్లీలీటరు పరీక్ష

బఫర్ (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం): 0.2 మోలార్ ఎసిటేట్, పీహెచ్ 4.0. వంద మి.లీ.కి సోడియం ఎసిటేట్ ట్రైహైడ్రేట్ 0.40 గ్రాము, గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం 0.98 మి.లీ. వేసి, మీటరుతో సరిచూసుకోవాలి. ఫాస్ఫేట్ బఫర్ అలవాటు ఉన్నవారు దాన్ని ఇక్కడికి తేకూడదు. ఫాస్ఫేట్ ఐరన్ ఆక్సైడ్ మీదా, సీరియం ఆక్సైడ్ మీదా గట్టిగా అతుక్కుని ఉపరితలాన్ని మూసేస్తుంది. టీఎంబీ నీళ్లలో సరిగా కరగదు కాబట్టి డీఎంఎస్ఓలో మి.లీ.కి 4.8 మిల్లీగ్రాములు కరిగిస్తే 20 మిల్లీమోలార్ అవుతుంది. ఇది ముదురు సీసాలో, చల్లగా ఉండాలి.

క్యూవెట్‌లో (కాంతి కొలిచే చిన్న గొట్టం) బఫర్ 800 మైక్రోలీటర్లు, మి.లీ.కి 1 మిల్లీగ్రాము గాఢత ఉన్న కణాల ద్రావణం 20, నీళ్లు 40, నమూనా 100, చివరగా టీఎంబీ 40. నలభై డిగ్రీల వాటర్ బాత్‌లో పది నిమిషాలు ఉంచి, అయస్కాంతంతో కణాలను పక్కకు లాగి, 652 నానోమీటర్ల దగ్గర చదవాలి. కణాలు లాగకపోతే వాటి మసక కూడా రంగు లెక్కలో కలుస్తుంది. స్పెక్ట్రోఫోటోమీటర్ లేని చోట మామూలు కలరీమీటర్‌లో 670 దగ్గరి ఎర్ర ఫిల్టరు చాలు.

నీలం ఉత్పన్నానికి 652 దగ్గర మోలార్ శోషణ గుణకం 39,000. కాబట్టి ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో శోషణ నిమిషానికి 0.039 పెరిగితే, ఆ ఒక మి.లీ.లో నిమిషానికి ఒక నానోమోల్ రంగు పుట్టినట్టు. నిమిషానికి ఒక మైక్రోమోల్ రంగు పుట్టించే మోతాదును ఒక యూనిట్ అంటారు. 20 మైక్రోగ్రాముల కణాలతో పై వేగం వస్తే మిల్లీగ్రాముకు 0.05 యూనిట్. 2018 నుంచి చాలామంది పరిశోధకులు ఈ లెక్కనే ప్రామాణికంగా తీసుకుంటున్నారు. సీసా మీద రాయాల్సిన అంకె ఇదే, దీన్ని ఎప్పుడూ ఒకే పెరాక్సైడ్ గాఢత దగ్గర కొలవాలి. 30 శాతం పెరాక్సైడ్ సీసా కొత్తగా ఉన్నప్పుడు దాదాపు 9.8 మోలార్. తెరిచి వేసవి గదిలో ఉంచితే ఎంత మిగిలిందో లేబుల్ చెప్పదు, పర్మాంగనేట్ టైట్రేషన్ చెబుతుంది. చేతి మీద పడితే చర్మం తెల్లగా కాలుతుంది, గ్లవ్స్ లేకుండా తాకకూడదు. డీఎంఎస్ఓ తనలో కరిగినదాన్ని చర్మం గుండా లోపలికి తీసుకుపోతుంది కాబట్టి టీఎంబీకీ అదే జాగ్రత్త వర్తిస్తుంది.

ఆమ్లం పోసి ఆపితే నీలం పసుపుగా మారుతుంది, 450 దగ్గర చదవొచ్చు, గుణకం 59,000కు పెరుగుతుంది. ఎలైజా చేసేవాళ్లకు ఇదే అలవాటు. అయితే పెరాక్సైడ్ మరీ ఎక్కువైతే ఆమ్లం పోయకుండానే టీఎంబీ రెండో ఎలక్ట్రాన్ కూడా పోగొట్టుకుని పసుపుకు వెళ్తుంది. అప్పుడు 652 అంకె పడిపోతుంది, కల్తీ ఎక్కువున్న నమూనాకు తక్కువ రీడింగ్ వస్తుంది. అనుమానం వస్తే నమూనాను పది రెట్లు పలచన చేసి మళ్లీ వేయాలి. పలచన చేస్తే రంగు పెరిగిందంటే సంగతి అదే.

ప్రతి పరీక్షకూ తోడుగా నడవాల్సిన గొట్టాలు మూడు. కణాలు లేనిది ఒకటి, నమూనా లేనిది ఒకటి, నమూనాకు తెలిసిన మోతాదు కలిపింది ఒకటి. కొత్త బ్యాచ్ కణాలకు నాలుగోది కూడా అవసరం: కణం పనిచేస్తోందా, దాని నుంచి కరిగిన ఇనుము పనిచేస్తోందా అన్నది. కణాలను బఫర్‌లో పది నిమిషాలు ఉంచి, వాటిని తీసేసి, మిగిలిన ద్రావణంతో పరీక్ష చేయాలి. ఇక్కడ 0.22 మైక్రాన్ ఫిల్టరు వాడి నిశ్చింతగా ఉంటారు చాలామంది. పది నానోమీటర్ల కణాలు దాని గుండా హాయిగా దాటిపోతాయి. అయస్కాంతం తర్వాత 30 కిలోడాల్టన్ సెంట్రిఫ్యూజ్ ఫిల్టరు వాడితేనే ఆ ఫలితాన్ని నమ్మొచ్చు.

మరొక చిన్న సంగతి, చిన్నదైనా చాలా పరీక్షలను పాడుచేసేది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఏ కణమూ, ఏ పెరాక్సైడూ లేకుండానే టీఎంబీని నీలం చేస్తుంది. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము స్వేచ్ఛా క్లోరిన్ మిగలాలన్నది ప్రమాణం. మున్సిపల్ నీళ్లతో, బ్లీచింగ్ వేసిన హాస్టల్ ట్యాంకు నీళ్లతో క్యూవెట్లు కడిగి సరిగా తొలపకపోతే ప్రతి నమూనా కల్తీగానే కనిపిస్తుంది. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లదీ ఇంచుమించు ఇదే కథ, పెరాక్సైడ్ తోడైతే ఆ ఇనుమే రంగు తెస్తుంది.

పాలు

పెరాక్సైడ్ కోసం పాలను పరీక్షించడం నానోజైమ్‌కు అన్నిటికంటే సహజమైన పని. వెతికే పదార్థమే రంగు చర్యకు ఇంధనం, మధ్యలో మరో దళారీ లేడు. పాలలో 0.01 శాతం పెరాక్సైడ్ అంటే దాదాపు 2.9 మిల్లీమోలార్. పది రెట్లు పలచన చేసి, అందులో 100 మైక్రోలీటర్లు ఒక మి.లీ. పరీక్షకు తీసుకున్నా ఇంకా 29 మైక్రోమోలార్ మిగులుతుంది. 2008 నాటి పద్ధతికే ఇది అందుబాటులో ఉన్న గాఢత.

అయినా పాలను నేరుగా పోస్తే పరీక్ష చెడుతుంది. పీహెచ్ 4.6 దగ్గర కేసీన్ అనే పాల ప్రోటీన్ విరుగుతుంది, మన బఫర్ 4.0. క్యూవెట్‌లో పెరుగు కడుతుంది. ముందే ప్రోటీన్‌ను దింపేయాలి. చాలామంది ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం అందుకుంటారు. లెక్క వేస్తే అది ఎందుకు వద్దో తెలుస్తుంది. 5 శాతం ఆమ్లం ఉన్న వడపోత 100 మైక్రోలీటర్లలో 31 మైక్రోమోల్‌ల బలమైన ఆమ్లం ఉంటుంది. 800 మైక్రోలీటర్ల బఫర్‌లో దాన్ని పట్టుకోగల ఎసిటేట్ 24 మైక్రోమోల్‌లే. బఫర్ ఓడిపోతుంది, పీహెచ్ పడిపోతుంది, నీలం రావాల్సిన చోట రాదు. పాలు శుభ్రంగా ఉన్నాయన్న తప్పుడు తీర్పు వస్తుంది. కేసీన్ అంచనాకు పాల ల్యాబుల్లో వాడే పాత పద్ధతి మేలు: 10 మి.లీ. పాలు, 40 డిగ్రీల నీళ్లు 80 మి.లీ., 10 శాతం ఎసిటిక్ ఆమ్లం 1 మి.లీ., పది నిమిషాల తర్వాత 1 మోలార్ సోడియం ఎసిటేట్ 1 మి.లీ., వంద మి.లీ.కి నింపి వడకట్టడం. తేటనీళ్లు మన బఫర్‌తో గొడవపడవు.

తర్వాతి చిక్కు పాలలోనే ఉంది. పాలకు సొంత పెరాక్సిడేజ్ ఉంది, లాక్టోపెరాక్సిడేజ్. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్ల పాశ్చరైజేషన్‌కు అది చాలావరకు చావదు, 80 దాటించి వేడిచేస్తేనే చస్తుంది. కాబట్టి పచ్చిపాలు, ప్యాకెట్ పాలు, టెట్రా ప్యాక్ పాలు ఒకే పెరాక్సైడ్‌కు మూడు రకాల నీలం ఇస్తాయి. టెట్రా ప్యాక్ పాలతో గీసిన గ్రాఫు పెట్టి పచ్చిపాలకు శాతం చెప్పడం తప్పు. అదే పాలను నాలుగు భాగాలు చేసి, మూడింటికి తెలిసిన మోతాదులు పెంచుతూ కలిపి, గీతను వెనక్కి పొడిగించి చదవాలి.

పచ్చిపాలలో కాటలేజ్ కూడా ఉంటుంది, పొదుగువాపు ఉన్న పశువు పాలలో మరీ ఎక్కువ. అది పెరాక్సైడ్‌ను నీళ్లు, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఉదయం కలిపిన పెరాక్సైడ్ సాయంత్రానికి జాడ లేకుండా పోవచ్చు. నమూనాను ఐసులో పెట్టి, సేకరించిన చోటే వెంటనే చేయాలి. పులుపు దాచడానికి తినే సోడా కలిపిన పాలైతే ఎసిటిక్ ఆమ్లం 1 మి.లీ. సరిపోదు, తేట మసకగానే ఉంటుంది. ఆ మసకే రెండో కల్తీకి సూచన, దాన్ని వదిలేయకుండా పీహెచ్ పేపరుతో ఒకసారి చూడాలి.

మిర్చి

ఇక్కడ పని కష్టం. పురుగుమందు రంగు చర్యలో తాను పాల్గొనదు. దాన్ని గుర్తుపట్టి కణానికి కబురు చెప్పేది మధ్యలో ఇంకొకటి కావాలి.

ఎక్కువమంది పట్టిన దారి ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఈ ఎంజైమ్ ఎసిటైల్‌థయోకోలిన్‌ను కోసి థయోకోలిన్ చేస్తుంది. థయోకోలిన్‌లోని గంధకం నీలం టీఎంబీని తిరిగి రంగులేనిదిగా మారుస్తుంది, కణం ఉపరితలాన్నీ మూస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ మందు ఉంటే ఎంజైమ్ కుంటుపడుతుంది, థయోకోలిన్ పుట్టదు, నీలం నిలుస్తుంది. నీలం ఉంటే మందు ఉన్నట్టు. ఎంజైమ్‌కు పీహెచ్ 8, 37 డిగ్రీలు కావాలి, కణాలకు పీహెచ్ 4 కావాలి. రెండూ ఒకే గొట్టంలో ఒకేసారి కుదరవు. ముందు ఎంజైమ్, నమూనా కలిపి అరగంట, తర్వాత ఎసిటైల్‌థయోకోలిన్ ఉప్పు వేసి మరో పావుగంట, అందులోంచి 100 మైక్రోలీటర్లు తీసి కణాలు, టీఎంబీ ఉన్న ఆమ్ల బఫర్‌లోకి వేయాలి. ఇక్కడ పెరాక్సైడ్ మనమే కలపాలి. దాన్ని తప్పించుకోవాలనుకునేవారు పెరాక్సైడ్ లేకుండానే టీఎంబీని నీలం చేసే సీరియం ఆక్సైడ్ వంటి ఆక్సిడేజ్ తరహా కణాలు ఎంచుకుంటారు. ఒక కారకం తగ్గితే ఒక తప్పు తగ్గుతుంది కాబట్టి క్షేత్రస్థాయి కిట్‌కు ఇది మంచి ఎంపిక.

ఇప్పుడు ఎండు మిర్చి ఏం చేస్తుందో చూడాలి. సాధారణంగా 2 గ్రాముల పొడిని నీళ్లతో నానబెట్టి, 10 మి.లీ. ఎసిటోనైట్రైల్‌లోకి లాగి, మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు, ఉప్పు 1 గ్రాము వేసి కుదిపి విడదీస్తారు. పైపొర ఎర్రగా వస్తుంది. ఆ ఎరుపు క్యాప్సాంథిన్ వంటి కెరటినాయిడ్లది, అవి 450 నుంచి 500 మధ్య బలంగా శోషిస్తాయి. కాబట్టి ఎలైజా అలవాటు కొద్దీ ఆమ్లం పోసి 450 దగ్గర చదివితే కొలిచేది మిర్చి రంగునే. మిర్చి విషయంలో 652 దగ్గరి నీలమే శరణ్యం. ఎసిటోనైట్రైల్ ఎంజైమ్‌ను దెబ్బతీస్తుంది, అది ఆవిరి చేసి బఫర్‌లో మళ్లీ కరిగించాలి. మిర్చిలోని ఆస్కార్బిక్ ఆమ్లం, ఫినాల్ తరహా పదార్థాలు నీలాన్ని మింగేస్తాయి.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే పరీక్ష బలహీనత బయటపడుతుంది. ఎంజైమ్‌ను కుంటుపరిచేది ఏదైనా, మిగిలిన ద్రావకమైనా, పాదరసమైనా, ఎండలో పాడైన ఎంజైమ్ సీసా అయినా, నీలాన్ని నిలిపి "మందు ఉంది" అనిపిస్తుంది. ఎలక్ట్రాన్ ఇచ్చేది ఏదైనా నీలాన్ని చెరిపి "మందు లేదు" అనిపిస్తుంది. తప్పులు రెండు వైపులకూ లాగుతాయి, ఒక్కోసారి ఒకదానికొకటి సరిపోయి మామూలుగా కనిపిస్తాయి. పురుగుమందు అసలు వాడని మిర్చి సంపాదించి, దాని సారంతోనే గ్రాఫు గీయకుండా ఇచ్చే ఏ ఫలితానికీ విలువ లేదు. నీళ్లలో గీసిన గ్రాఫు మిర్చికి పనికిరాదు.

ఇంకో రెండు సంగతులు కిట్ కొనేవారికి తెలియాలి. క్లోర్‌పైరిఫాస్ వంటివాటిలో ఫాస్ఫరస్‌కు గంధకం జతై ఉంటుంది, అవి ఉన్నదున్నట్టుగా ఎంజైమ్‌ను పెద్దగా అడ్డుకోవు. బ్రోమిన్ నీళ్లతోనో ఎన్-బ్రోమోసక్సినిమైడ్‌తోనో ఆక్సీకరించి ఆక్సాన్‌గా, అంటే గంధకం స్థానంలో ఆక్సిజన్ ఉన్న రూపంగా, మారిస్తేనే పట్టుబడతాయి. మిగిలిన బ్రోమిన్‌ను తర్వాత చంపేయకపోతే టీఎంబీని అదే నీలం చేస్తుంది. రెండోది మరింత ముఖ్యం. 2021-22లో గుంటూరు మిర్చిని నల్ల తామర పురుగు కుదిపేసిన తర్వాత తామర పురుగు కోసం రైతులు చేతికందుకునే మందుల్లో ఫిప్రోనిల్, స్పైనటోరామ్, సయాంట్రానిలిప్రోల్, ఎసిటామిప్రిడ్ వంటివి ఉంటాయి. వీటిలో ఒక్కటీ ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను ఆపదు. ఆ ఎంజైమ్ మీద ఆధారపడ్డ కిట్ "మందు లేదు" అంటే, ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ లేవన్నంతవరకే అర్థం. తామర పురుగు మందుల గురించి అది ఒక్క ముక్కా చెప్పలేదు. కిట్ డబ్బా మీద "పురుగుమందుల పరీక్ష" అని మాత్రమే రాయడం కొనేవారిని తప్పుదారి పట్టించడమే. ఏ తరగతి మందులో పేర్లతో రాయాలి.

ఎసిటామిప్రిడ్‌కు వేరే దారి ఉంది, ఆలోచన చక్కనిది. ఆస్ట్రేలియాలో విపుల్ బన్సల్ బృందం 2014లో బంగారు కణాల మీద, ఎసిటామిప్రిడ్‌ను పట్టుకునే డీఎన్‌ఏ పోగును, అంటే ఆప్టామర్‌ను అతికించింది. పోగు కప్పుకున్నంతసేపు కణం పెరాక్సిడేజ్ పని చేయదు. ఎసిటామిప్రిడ్ వస్తే పోగు కణాన్ని వదిలి దాన్ని పట్టుకుంటుంది, కణం ఖాళీ అవుతుంది, రంగు వస్తుంది. ఎంపిక బాధ్యత పోగుది, రంగు బాధ్యత కణానిది. పైగా మందు ఉంటే రంగు పుట్టే పరీక్ష ఇది. ఉన్న రంగు పోతే మందు ఉన్నట్టు అనే పరీక్షల కంటే ఇలాంటివి ఎప్పుడూ మేలు, ఎందుకంటే ఉన్న రంగును పోగొట్టడానికి ఆహారంలో వంద పదార్థాలు ఉన్నాయి.

ఆ పరీక్ష పది నిమిషాల్లో 0.1 పీపీఎం (పది లక్షల వంతుల్లో 0.1 వంతు) వరకు పట్టగలిగింది. మిర్చికి ఇది చాలుతుందా? ప్రత్యేక పరిమితి లేని మందుకు యూరప్ పెట్టే మామూలు హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము. 2 గ్రాముల మిర్చిలో ఆ లెక్కన 0.02 మైక్రోగ్రాము ఉంటుంది. అది 10 మి.లీ.లోకి వస్తే 0.002 పీపీఎం. పరీక్ష అందుకోవాల్సిన దానికి యాభై రెట్ల దూరంలో ఉంది. 10 మి.లీ.ని 0.2 మి.లీ.కి ఇంకిస్తే అందుతుంది కదా అనిపిస్తుంది. మందుతో పాటు కెరటినాయిడ్లు, ఆస్కార్బిక్ ఆమ్లం, నూనె కూడా యాభై రెట్లు చిక్కబడతాయి. పరిమితులు ఎక్కువగా ఉన్న మందులకు, పొలం దగ్గర కోతకు ముందు చూసుకోవడానికి ఈ సున్నితత్వం ఉపయోగపడుతుంది. యూరప్‌కు వెళ్లే కంటైనరుకు సర్టిఫికెట్ ఇవ్వడానికి మాత్రం చాలదు.

ఫోను కెమెరా, మే నెల ఎండ

కాగితం స్ట్రిప్, ఫోను కెమెరా జోడీ చూడ్డానికి తేలిక. నీలం రంగు ఎర్ర కాంతిని మింగుతుంది కాబట్టి ఫొటోలో చూడాల్సింది ఎరుపు ఛానెల్ విలువ. నీలం ఛానెల్ పెద్దగా కదలదు, అది చూసి పరీక్ష పనిచేయడం లేదనుకునేవారున్నారు. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేయాలి, మూసిన డబ్బాలో ఒకే తెల్ల ఎల్‌ఈడీ కింద తీయాలి, నమూనా లేని స్ట్రిప్ కూడా అదే ఫొటోలో ఉండాలి.

ఉష్ణోగ్రత సంగతి మన ప్రాంతంలో తేలిగ్గా తీసుకునేది కాదు. సాధారణంగా పది డిగ్రీలకు చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది. విజయవాడలో జనవరి ఉదయానికీ మే మధ్యాహ్నానికీ ఏసీ లేని గదిలో తేడా పది డిగ్రీలకు మించే ఉంటుంది. చలికాలంలో ముద్రించిన రంగుల కార్డు పెట్టి వేసవిలో పది నిమిషాలకు చదివితే శుభ్రమైన పాలు కూడా అనుమానాస్పదంగా కనిపిస్తాయి. చిన్న వాటర్ బాత్ గానీ, 40 డిగ్రీల దగ్గర నిలిపే హీటింగ్ బ్లాక్ గానీ కిట్‌లో భాగం కావాలి. అదీ కుదరకపోతే కార్డుకు బదులు, తెలిసిన మోతాదున్న ద్రావణాన్ని ప్రతిసారీ నమూనా పక్కనే నడపాలి. టీఎంబీ వెలుతురుకు తనంతట తానే నీలం తిరుగుతుంది, వ్యాన్ డ్యాష్‌బోర్డు మీద పెట్టిన సీసా మధ్యాహ్నానికి పనికిరాదు.

ఎంత రంగు వస్తే "ఉంది" అనాలో ముందే తేల్చుకోవాలి. కల్తీ లేదని ఖాయంగా తెలిసిన కనీసం పది వేర్వేరు నమూనాలు, అంటే పది వేర్వేరు పశువుల పాలో, పది వేర్వేరు పొలాల మిర్చో తీసుకోవాలి. ఒకే పాలను పదిసార్లు కొలిస్తే చేతి నిలకడ తెలుస్తుంది గానీ పాలకూ పాలకూ ఉండే తేడా తెలియదు. వాటి సగటుకు ప్రామాణిక విచలనం మూడింతలు కలిపిన అంకె హద్దు. ఆ హద్దు దగ్గర తెలిసిన మోతాదు కలిపిన నమూనాలు వేస్తే, కలిపినదానిలో 80 నుంచి 120 శాతం తిరిగి లెక్కకు రావాలి. రాకపోతే కణాన్ని మార్చడం కంటే ముందు నమూనా శుద్ధిని సరిచేయాలి. హద్దు దాటిన పాలను పక్కన పెట్టి పెద్ద ల్యాబుకు పంపాలి. హద్దు లోపల ఉన్నవాటిలో కూడా ప్రతి ఇరవైలో ఒకటి పంపి, నీలం చెప్పినదానికీ యంత్రం చెప్పినదానికీ పొంతన కుదురుతోందో లేదో రిజిస్టర్లో రాసుకుంటూ పోవాలి.